ఉన్నత విద్యా బోధనలో సామాజిక మాధ్యమాలు

పాఠం చెప్పడానికి, చర్చ నడపడానికి, విద్యార్థుల చేత రాయించి దిద్దడానికి కళాశాలలు, విశ్వవిద్యాలయాలు ఫేస్‌బుక్, యూట్యూబ్, ఎక్స్ (పూర్వపు ట్విటర్), వాట్సాప్, టెలిగ్రామ్, బ్లాగులు, వికీపీడియా వంటి వేదికలను వాడుకోవడమే ఈ వ్యాస విషయం. మూడ్ల్, గూగుల్ క్లాస్‌రూమ్ లాంటివి ఈ కోవలోకి రావు. వాటిలో కోర్సులో చేరినవారు తప్ప బయటివారు అడుగుపెట్టలేరు. చాలా సామాజిక మాధ్యమాల్లో విద్యార్థి రాసింది లోకం చదవగలదు, లోకం రాసింది విద్యార్థి చదవగలడు. లాభమూ నష్టమూ రెండూ ఇక్కడి నుంచే పుడతాయి.

వికీపీడియాను ఈ జాబితాలో చేర్చడం కొందరికి వింతగా తోచవచ్చు. అయితే పరిశోధకులు ఆండ్రియాస్ కప్లాన్, మైకేల్ హేన్‌లైన్ 2010లో సామాజిక మాధ్యమాలను ఆరు రకాలుగా విభజించినప్పుడు, నలుగురూ కలిసి రాసే ఇలాంటి ప్రాజెక్టులను అందులో ఒక రకంగా చేర్చారు. బోధన వరకు చూస్తే మంచి ఫలితాలిచ్చిన వాటిలో ఇదొకటి కూడా.

తొలి రోజులు

ఫేస్‌బుక్ పుట్టిందే విశ్వవిద్యాలయంలో. 2004 ఫిబ్రవరిలో హార్వర్డ్ విద్యార్థుల కోసం మొదలై ఇతర కళాశాలలకు పాకింది. సాధారణ జనానికి తలుపులు తెరిచింది 2006 సెప్టెంబరులోనే. అయినా విద్యార్థులు దాన్ని చదువుకు వాడుకున్నది బహు తక్కువ. పరిశోధకుడు నీల్ సెల్విన్ 2009లో ప్రచురించిన అధ్యయనం కోసం బ్రిటన్‌లోని ఒక విశ్వవిద్యాలయానికి చెందిన 909 మంది విద్యార్థుల ఫేస్‌బుక్ గోడలను చదివి చూశాడు. చదువుకు సంబంధించిన రాతలు సుమారు 4 శాతమే తేలాయి. అవి కూడా అయిపోయిన క్లాసు మీద విమర్శలు, ఏది ఎప్పుడు ఇవ్వాలన్న వాకబులు, ‘నేనేమీ చదవలేదు’ అని ఒకరికొకరు చెప్పుకోవడాలు. మన కాలేజీ వాట్సాప్ గ్రూపులు చూసినవారికి ఇందులో కొత్తేమీ కనిపించదు.

బోధకుల వైపు నుంచి జరిగిన తొలి పెద్ద ప్రయత్నం 2008 నాటిది. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయం ద్వారా జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ ఒక కోర్సును అందరికీ తెరిచిపెట్టారు. ఫీజు కట్టినవారు 25 మంది, ఉచితంగా చేరినవారు 2,200 మంది దాకా. పాఠం ఒకచోట ఉండేది కాదు. ఎవరి బ్లాగులో వారు రాసేవారు, ఆ రాతలన్నిటినీ నిర్వాహకులు ఒక దారానికి గుచ్చి పంపేవారు. జ్ఞానం ఒక మనిషి తలలో కాదు, మనుషులకూ వనరులకూ మధ్య ఉండే సంబంధాల్లో ఉంటుందన్న సీమెన్స్ సిద్ధాంతమే దీనికి ఆధారం. ‘మూక్’ (అందరికీ తెరిచిన భారీ ఆన్‌లైన్ కోర్సు) అనే పేరు డేవ్ కార్మియర్ పెట్టింది ఈ కోర్సును చూసే. తర్వాత లక్షల మందిని చేర్చుకున్న మూక్‌లు మాత్రం ఈ పద్ధతిని వదిలేసి, వీడియో పాఠం, దాని కింద క్విజ్ అనే పాత బాటనే పట్టాయి.

తరగతి గదిలో ట్విటర్

డాలస్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పే మోనికా రాంకిన్ 2009లో 90 మంది ఉన్న తరగతిలో ట్విటర్‌తో చర్చ నడిపింది. అంతమందిలో చేయెత్తి మాట్లాడేది ఎప్పుడూ ముందు వరుసలోని కొద్దిమందే. ట్వీట్లను తెర మీద చూపించేసరికి వెనక బెంచీల వాళ్లూ నోరు విప్పారు. 140 అక్షరాల పరిమితి వల్ల లోతు తగ్గిందని, మాట్లాడేవారి సంఖ్య మాత్రం పెరిగిందని ఈ ప్రయోగం చూపింది.

ఎక్కువగా ఉదహరించేది రేనాల్ జుంకో బృందం 2011లో ప్రచురించిన అధ్యయనం. 125 మంది విద్యార్థుల్లో 70 మందికి ఒక సెమిస్టర్‌లో 14 వారాల పాటు ట్విటర్ ద్వారా చర్చలు, గుర్తుచేతలు, పుస్తకం మీద సంభాషణ నడిపారు. తక్కిన 55 మందికి అది లేదు. మొదటి గుంపులో చదువు పట్ల ఆసక్తి, మార్కులు రెండూ మెరుగ్గా వచ్చాయి. అంతకు ముందు ఏడాది పాల్ కిర్ష్నర్, ఆరిన్ కార్పిన్‌స్కీ సరిగ్గా ఎదురు ఫలితం ప్రకటించారు: ఫేస్‌బుక్ వాడేవారి మార్కులు వాడనివారి కంటే తక్కువ.

ఈ రెండూ ఒకదాన్నొకటి ఖండించేవి కావు. ఒకటి అధ్యాపకుడు పనిగట్టుకుని చేయించిన వాడకాన్ని కొలిచింది, రెండోది విద్యార్థి తనంతట తాను కాలక్షేపానికి చేసే వాడకాన్ని కొలిచింది. దీన్ని తేటతెల్లం చేసింది మళ్లీ జుంకో బృందమే. ట్విటర్ వాడకాన్ని ఐచ్ఛికంగా వదిలేసి, అధ్యాపకులు అందులో పాల్గొనని చోట ప్రయోజనం ఏమీ కనిపించలేదని వారి 2013 అధ్యయనం చెప్పింది. ఖాతా తెరిచి ఊరుకున్నంత మాత్రాన బోధన జరగదు. పని కోర్సులో భాగం కావాలి, మార్కులకు ముడిపడాలి, మాస్టారు రోజూ అందులో కనిపించాలి.

వికీపీడియా అసైన్‌మెంట్లు

బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో లాటిన్ అమెరికా సాహిత్యం బోధించే జాన్ బీస్లీ-ముర్రే 2008లో తన విద్యార్థులకు టర్మ్ పేపర్‌కు బదులు వికీపీడియా వ్యాసాలు అప్పగించాడు. గ్వాటెమాలా రచయిత మిగెల్ ఏంజెల్ ఆస్టూరియాస్ నవల ‘ఎల్ సెన్యోర్ ప్రెసిడెంటే’ మీద రాసిన వ్యాసం సహా మూడు వ్యాసాలు ఆంగ్ల వికీపీడియాలో అత్యున్నత శ్రేణికి చేరాయి. మామూలు పేపరును మాస్టారు ఒక్కసారి చదివి బీరువాలో పడేస్తాడు. ఈ వ్యాసాలను ముక్కూ ముఖం తెలియని సంపాదకులు ప్రతి వాక్యానికీ ఆధారం చూపమని నిలదీశారు, విద్యార్థులు మళ్లీ మళ్లీ తిరగరాశారు. రాత మెరుగుపడింది ఆ తిరగరాతల వల్లే.

ఇదే పద్ధతిని వికీమీడియా ఫౌండేషన్ 2011లో పుణే కళాశాలలకు తెచ్చినప్పుడు కథ అడ్డం తిరిగింది. పుణే ఇంజినీరింగ్ కాలేజీ, సింబయాసిస్ అర్థశాస్త్ర కళాశాల వంటి చోట్ల విద్యార్థులను పెద్ద సంఖ్యలో ఒక్కసారిగా దింపారు. వారికి దారి చూపాల్సిన వారిలో చాలామందికి వికీపీడియా రాసిన అనుభవమే లేదు. పాఠ్యపుస్తకాల్లోంచి, వెబ్‌సైట్లలోంచి పేరాలకు పేరాలు ఎత్తి అతికించడం మొదలైంది. కాపీహక్కుల ఉల్లంఘనలను ఏరివేయలేక స్వచ్ఛంద సంపాదకులు మొత్తుకోవడంతో ఆ ఏడాది చివరికే కార్యక్రమాన్ని ఆపేశారు. తప్పంతా పిల్లల మీదికి నెట్టడం న్యాయం కాదు. గైడులోని జవాబును ఉన్నదున్నట్టు దించితే పూర్తి మార్కులు వేసే చదువులో పెరిగినవారికి, సొంత మాటల్లో రాయడం అంటే ఏమిటో ఎవరో ఒకరు ముందు నేర్పాలి కదా.

2003లో మొదలైన తెలుగు వికీపీడియాకు ఇంత వరద ఎప్పుడూ రాలేదు. విజయవాడ ఆంధ్ర లొయోలా కళాశాలలో విద్యార్థుల చేత తెలుగు వ్యాసాలు రాయించిన కార్యక్రమం, తర్వాత హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో తెలుగు వ్యాసాల సంఖ్య పెంచడానికి చేపట్టిన ప్రాజెక్టు పేర్కొనదగినవి. వాట్సాప్‌లో తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాసే తరానికి తెలుగు లిపిలో టైపు చేయడం అలవాటు కావడమే ఇలాంటి పనుల్లో దక్కే మొదటి లాభం.

భారతదేశంలో: గ్రూపు రాజ్యం

భారతీయ కళాశాలల్లో సామాజిక మాధ్యమం అంటే ఆచరణలో వాట్సాప్ గ్రూపు. సెక్షన్‌కొకటి, సబ్జెక్టుకొకటి, మెంటర్ బ్యాచ్‌కొకటి ఉంటాయి. సాధారణంగా సీఆర్ (తరగతి ప్రతినిధి) గ్రూపు తెరిచి సార్‌ను చేరుస్తాడు. టైమ్‌టేబుల్, నోట్సు పీడీఎఫ్‌లు, హాజరు తగ్గినవారి జాబితా, మిడ్ పరీక్ష మార్కులు అందులోనే పడతాయి. సార్ ఒక మాట పెడితే కింద ‘ఓకే సార్’లు వరుస కడతాయి, ఆ గోల భరించలేక అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మారుస్తారు. దానితో చర్చకున్న ఆ కాస్త అవకాశమూ పోయి గ్రూపు నోటీసు బోర్డుగా మిగులుతుంది. నోటీసు బోర్డుగా అది బాగానే పనిచేస్తుంది, కాని దాన్ని బోధన అని లెక్కలో రాసుకోవడం ఆత్మవంచన.

అంతగా చర్చకు రాని సంగతి మరొకటుంది. మామూలు గ్రూపులో చేరిన ప్రతి ఒక్కరి ఫోన్ నంబరూ అందరికీ కనిపిస్తుంది. ఇప్పుడు ఒక్కో గ్రూపులో 1,024 మంది దాకా పడతారు కనుక, ఒక విద్యార్థిని నంబరు ముక్కూ ముఖం తెలియని వందల మంది చేతుల్లోకి వెళ్తుంది. 2022 నవంబరులో వచ్చిన ‘కమ్యూనిటీస్’లోని ప్రకటనల గ్రూపులో సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనబడవు. టెలిగ్రామ్‌లోనూ నంబరు దాచుకోవచ్చు. ఈ చిన్న మార్పు చేసుకోవడానికి పైసా ఖర్చు లేదు. గ్రూపులు వేధింపులకూ వేదిక కావచ్చు: సీనియర్లు అనధికార గ్రూపుల్లో జూనియర్లను వేధిస్తే అదీ ర్యాగింగే అని యూజీసీ 2025లో కళాశాలలను హెచ్చరించింది.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక ఈ గ్రూపులే కొన్నాళ్లు తరగతి గదులయ్యాయి. 2017–18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో ఇంటర్నెట్ అందుబాటు ఉన్న ఇళ్లు 24 శాతం లోపే, పల్లెల్లో 15 శాతం. జూమ్ క్లాసుకు డేటా చాలని చోట వాయిస్ నోటు, నోట్సు ఫొటో ఆదుకున్నాయి. నాణ్యత మాట ఎలా ఉన్నా, చదువుతో తెగిపోయే దారాన్ని అవే పట్టి ఉంచాయి.

యూట్యూబ్ కథ వేరు. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ పాఠాలు యూట్యూబ్‌కు ఎక్కాక, సొంత లెక్చరర్ చెప్పింది అర్థంకాని ఇంజినీరింగ్ విద్యార్థికి అవి రెండో గురువయ్యాయి. 1982లో హైదరాబాద్‌లో స్థాపించిన, దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరిటిది) వంటి సంస్థలకూ, తెలంగాణ ప్రభుత్వ టీ-శాట్ చానళ్లకూ యూట్యూబ్ రెండో ప్రసార మార్గమైంది.

ప్రభుత్వం ఈ దారిలో వేసిన ఒక అడుగు తడబడింది. ప్రతి సంస్థా ఒక ‘సోషల్ మీడియా చాంపియన్’ను నియమించాలని, విద్యార్థుల ఖాతాలను సంస్థ ఖాతాతోనూ మంత్రిత్వ శాఖ ఖాతాతోనూ అనుసంధానించాలని 2019 జులైలో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ లేఖ రాసింది. ఇది నిఘా అవుతుందన్న విమర్శలు రాగా, అది ఐచ్ఛికమేనని తర్వాత వివరణ ఇచ్చింది.

కలిసి చదవడమా, చూచిరాతా

2008లో టొరంటోలోని రయర్సన్ విశ్వవిద్యాలయం (2022 నుంచి టొరంటో మెట్రొపాలిటన్) కెమిస్ట్రీ హోంవర్క్ కోసం ఫేస్‌బుక్ గ్రూపు నడిపిన మొదటి ఏడాది విద్యార్థి మీద 147 అభియోగాలు మోపింది. తనకొకటి, గ్రూపులోని 146 మంది సభ్యులకు తలా ఒకటి. హోంవర్క్ ఎవరికి వారే చేయాలన్నది ప్రొఫెసర్ నిబంధన. లైబ్రరీ బల్ల చుట్టూ కూర్చుని చేసే పనినే తెర మీద చేశామన్నది విద్యార్థుల వాదన. చివరికి అతన్ని బహిష్కరించలేదు, ఆ హోంవర్క్‌కు మాత్రం సున్నా వేశారు. అధ్యాపకుడు ప్రతి అసైన్‌మెంటు మీదా ‘కలిసి చేయవచ్చు’ లేదా ‘విడిగా చేయాలి’ అని ముందే రాసిస్తే ఇలాంటి తగాదాల్లో చాలావరకు పుట్టనే పుట్టవు.

చట్టం

భారత కాపీహక్కుల చట్టం (1957) 52వ సెక్షన్ బోధనా క్రమంలో చేసే నకళ్లకు మినహాయింపునిస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం జిరాక్సు కేసులో ఢిల్లీ హైకోర్టు 2016లో దాన్ని విశాలంగానే అన్వయించింది. అలాగని పుస్తకం మొత్తాన్ని బహిరంగ టెలిగ్రామ్ చానల్లో పెట్టేయవచ్చని కాదు. పోటీ పరీక్షల పుస్తకాలు రాసే ఒక అధ్యాపకురాలు వేసిన దావాలో, ఆమె పాఠాలను అక్రమంగా పంచుతున్న చానళ్ల నిర్వాహకుల వివరాలు ఇవ్వాలని అదే కోర్టు 2022 ఆగస్టులో టెలిగ్రామ్‌ను ఆదేశించింది.

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం (2023) 18 ఏళ్లు నిండనివారిని బాలలుగానే లెక్కిస్తుంది, వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. ఇంటర్ విద్యార్థులు, పాలిటెక్నిక్ విద్యార్థుల్లో ఎక్కువమంది, డిగ్రీ మొదటి ఏడాదిలో కొందరు ఈ వయసువారే. విద్యాసంస్థలకు కొన్ని సడలింపులు ఉన్నా, మార్కుల జాబితాను పేర్లతో సహా గ్రూపులో పడేసే అలవాటు మానుకోవడమే మేలు. అమెరికాలో 1974 నాటి చట్టం ప్రకారం విద్యార్థి అనుమతి లేకుండా అలా చేయడం కుదరదు.

వేదికల ఆయుష్షు

కోర్సు ఏళ్ల తరబడి ఉంటుంది, వేదిక ఉంటుందన్న భరోసా లేదు. ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో, యాహూ గ్రూపులు 2020లో, బోధన కోసమే పుట్టిన ఎడ్మోడో 2022లో మూతపడ్డాయి. టిక్‌టాక్‌ను భారత ప్రభుత్వం 2020 జూన్ 29న నిషేధించింది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒకేసారి సుమారు ఆరు గంటల పాటు ఆగిపోయాయి. కాబట్టి పాఠాల అసలు ప్రతి, విద్యార్థుల పని, మార్కుల లెక్క కళాశాల సొంత సర్వర్‌లో ఉండాలి. సామాజిక మాధ్యమంలో పెట్టేది నకలే కావాలి.