కాడి కొలత

పల్నాడు అనగానే సాహిత్యం చదివినవాళ్ళు శ్రీనాథుణ్ణి బయటికి తీస్తారు. ఆయన పేరు మీద చెలామణీలో ఉన్న చాటువుల్లో మా సీమ రాళ్ళూ, నాగులేటి నీళ్ళూ, జొన్నకూడూ, తేళ్ళూ వరసపెట్టి తిట్లు తింటాయి. రాజుల కొలువుల్లో సన్నన్నం తిన్న మనిషి, తిట్టడంలో తప్పులేదు. కానీ ఆయన ఆ రాళ్ళ మీద నడిచి వెళ్ళిపోయాడు. వాటి మధ్య అరక తోలాల్సిన అవసరం పడలేదు. ఆ అవసరం పడ్డవాళ్ళు పద్యాలు రాయలేదు కాబట్టి, వాళ్ళ చరిత్ర వేరేచోట వెతుక్కోవాలి. నాకు అది ఒక టేపు మీద దొరికింది.

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు నాన్నా నేనూ పత్తి చేలో సాళ్ళ మధ్య దూరం కొలిచాం. దుర్గి దాటాక నల్లమల వారన మాకు నాలుగెకరాల మెట్ట ఉంది. వాలు నేల, పైన ఎర్ర గరుకు మట్టి, కింద నాపరాయి. మూడడుగుల రెండంగుళాలు వచ్చింది. ఇంకో సాలు, అంతే. చివరి ఎద్దుల జత అమ్మి పదకొండేళ్ళయింది. మేం కొలిచిన చేను నాన్న ట్రాక్టరు కిరాయికి పెట్టి అచ్చు తోలించినదే. అయినా ఆ కొలత ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే, "తాతయ్య కాడి కొలతరా" అన్నాడు.

కాడికి రెండు ఎద్దులు. సాలు మధ్యలో పాపట తోలాలంటే, ఆ రెండూ చెరో సందులో నడవాలి, మొక్క తొక్కకూడదు. అంటే సాళ్ళ ఎడం కాడి పొడుగుని బట్టి, కాడి పొడుగు ఎద్దుల వెడల్పుని బట్టి. మూడు సాళ్ళ గొర్రుకి పళ్ళ మధ్య దూరం, జడ్డిగంలోంచి విత్తనం జారే గొట్టాల దూరం, గుంటక పాసె పొడుగు, అన్నీ ఆ లెక్కలోంచి పుట్టినవే. అచ్చు నిలువూ అడ్డం తోలేవాళ్ళు, రెండువైపులా కలుపు తీసుకోవచ్చని. ఇంజనీరింగు చదివేటప్పుడు 'ఇంటర్‌ఫేస్' అనే మాట ఎన్నిసార్లు విన్నానో. మా తాతయ్య పశువుకీ పనిముట్టుకీ పంటకీ మధ్య ఒకే కొలతతో ఇంటర్‌ఫేస్ కుదుర్చుకున్నాడు. డాక్యుమెంటేషన్ మాత్రం రాయలేదు.

ఆయనకి ఇంకో నియమం కూడా ఉండేది. సాలు ఎప్పుడూ వాలుకి అడ్డంగానే పడాలి. వాన పడితే ప్రతి సాలూ ఒక చిన్న కట్టలా నీళ్ళు పట్టేస్తుంది. మట్టి కదలదు. ఎద్దులకి అడ్డంగా నడవడం కష్టం కాదు. ఎద్దు తన కాలు ఎక్కడ పెట్టాలో తనే చూసుకుంటుంది, రాయి తగిలితే ఆగుతుంది. ఈ రెండు నియమాలనీ, ఎడాన్నీ దిక్కునీ, ట్రాక్టరు ఏం చేసిందన్నదే నేను చెప్పబోయే చరిత్ర.

1951లో దేశం మొత్తం మీద ట్రాక్టర్లు ఎనిమిదిన్నర వేల పైచిలుకు. 1961కి 31 వేలయ్యాయి. అప్పటికీ చాలావరకు దిగుమతి సరుకే. ఐషర్ వాళ్ళు జర్మన్ నమూనాతో ఫరీదాబాద్‌లో 1959లో ఇక్కడి మొదటి ట్రాక్టరు తయారుచేశారు. 1960లో మద్రాసులో టాఫే వచ్చింది, మ్యాస్సీ ఫెర్గూసన్‌తో కలిసి. దుర్గాపూర్‌లోని సీఎంఈఆర్ఐ ఇంజనీర్లు విదేశీ లైసెన్సు లేకుండా గీసిన చిన్న ట్రాక్టరు 1974లో పంజాబ్‌లో 'స్వరాజ్ 724'గా బయటికొచ్చింది. పేర్లు వేరైనా వీటన్నిటి మనసులో ఉన్న నేల ఒకటే: చదునుగా, లోతుగా, రాళ్ళు లేకుండా ఉన్న నేల.

అలాంటి నేల మాకు 1967లో వచ్చింది. రాలేదు, తయారైంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకి నీళ్ళు వదిలారు. కుడి కాలువ పల్నాటి మీదుగా సాగింది. కాలువ అన్నాక ఎత్తుని పట్టుకుని పోవాల్సిందే, దాని కిందున్న చేలకే నీళ్ళు. దాంతో మా వైపు భూములు రెండు కులాలయ్యాయి: కాలువ కింద, కాలువ పైన. కాలువ కింద చేలు చదును చేసుకుని వరి వేశారు. వాళ్ళకి ట్రాక్టరు పనికొచ్చింది, బ్యాంకు అప్పు పుట్టింది. పైన ఉన్నవాళ్ళకి చాలాకాలం ఎద్దులే దిక్కు. సాగర్ గురించి మనవాళ్ళు రాసినదాంట్లో ముంపు గురించి కొంత ఉంది, పచ్చదనం గురించి చాలా ఉంది. కాలువకి నాలుగు గజాలు పైనుండి నీళ్ళు పోతుంటే చూస్తూ కూర్చున్నవాళ్ళ గురించి నేను చదివింది తక్కువ.

పైచేలకి ట్రాక్టరు కిరాయికి వచ్చింది. కాలువ కింద పని అయిపోయాక మిగిలిన రోజుల్లో, గంటకింత అని. అలా వచ్చిన ట్రాక్టరు వెడల్పు ఐదున్నర అడుగుల చిల్లర. సాలు సందులో పట్టదు. కాబట్టి దున్నుడు ట్రాక్టరుతో, పాపట ఎద్దులతో. కొన్నాళ్ళు అలా నడిచింది. తర్వాత ఏడాదికి పది రోజుల పనికోసం ఏడాదంతా జతని మేపడం దండగనిపించింది. ఇప్పుడు మా చుట్టుపక్కల మంచి ఒంగోలు గిత్తలు ఉన్నది బండలాగుడు పోటీలకే. వాటికి పెట్టే దాణా ఖర్చు వింటే హైదరాబాదులో నా ఇంటి అద్దె చిన్నదనిపిస్తుంది. పొలంలో రాయి తప్పించిన ఎద్దు తిరునాళ్ళలో రాయి లాగుతోంది.

1998లో మా పెద్దనాన్న అలా ఒక కిరాయి ట్రాక్టరు ఎక్కాడు. చేను మధ్యలో తేలిన ఒక బండని పీకించాలని గొలుసు కట్టాడు. కింద డ్రాబార్‌కి కాకుండా, వెనక ఇరుసు కంటే పైనున్న టాప్ లింకు కొక్కేనికి. క్లచ్ వదిలాడు. బండ కదల్లేదు. ట్రాక్టరు ముందు చక్రాలు లేచాయి, అది వెనక్కి తిరగబడింది. ఆయన ఒక పక్కకి పడ్డాడు కాబట్టి బతికాడు. తుంటి విరిగింది. ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తాడు. ఇంట్లో దాన్ని అందరూ "ఆ రాయి చేసిన పని" అంటారు.

ఆ పనిని ముందే చూసినవాడు ఒకడున్నాడని నాకు చాలా తర్వాత తెలిసింది. హ్యారీ ఫెర్గూసన్, ఐర్లాండు రైతు కొడుకు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ట్రాక్టరు దుక్కి ఎలా సాగుతోందో చూడమని అక్కడి ప్రభుత్వం అతన్ని ఊళ్ళ మీదికి పంపింది. అప్పట్లో నాగలిని ట్రాక్టరు వెనక బండిలా తగిలించేవారు. నాగలి రాయికి తగిలితే చక్రం ఆగదు, నాగలి కదలదు, ముందు భాగం గాల్లోకి లేస్తుంది, డ్రైవరు కింద పడతాడు. ఫెర్గూసన్ నాగలిని మూడు కొక్కేలతో ట్రాక్టరు ఒంట్లో భాగం చేశాడు. కింద రెండు చేతులు లాగుతాయి, పైచేయి నెడుతుంది. నాగలికి అడ్డం తగిలితే ఆ పైచేతి నెట్టుడు ముందు చక్రాలని నేలకి అదుముతుంది. దానికి హైడ్రాలిక్ నియంత్రణ జోడించి 1926లో పేటెంటు, 1936లో సొంత ట్రాక్టరు, 1938లో హెన్రీ ఫోర్డుతో చేతులు కలిపి మరుసటేడు 'ఫోర్డ్ 9ఎన్'. ఇవాళ మీరు ఏ ఊళ్ళో ఏ ట్రాక్టరు వెనక చూసినా ఆ మూడు చేతులు కనిపిస్తాయి. మా పెద్దనాన్న గొలుసు కట్టింది సరిగ్గా ఆ మూడోదాని కొక్కేనికే. నాగలిని నెట్టడానికి పెట్టిన చోట బండని లాగించాడు. మనిషిని కాపాడటానికి పుట్టిన భాగం, పని మారేసరికి మనిషిని పడేసింది. ఆ సంగతి ఆయనకి చెప్పినవాళ్ళు లేరు. బండి అమ్మినవాళ్ళు పుస్తకం ఇచ్చే ఉంటారు, అది ఏ భాషలో ఉందో ఊహించుకోండి.

ఎడం సంగతి అలా ఉండగా, దిక్కు కూడా మారింది. వాలుకి అడ్డంగా పెద్ద ట్రాక్టరు తోలాలంటే డ్రైవర్లకి భయం, న్యాయంగా. అందుకని నిలువుగా, కొండవైపు నుంచి కిందికి తోలడం మొదలుపెట్టారు. బండికి అది క్షేమం. మట్టికి కాదు. ప్రతి సాలూ ఒక పిల్లకాలువైంది. ఇరవై ముప్ఫై ఏళ్ళ వానలకి మా చేలో ఎర్రమట్టి కిందివాళ్ళ పొలంలోకి దిగిపోయింది, మాకు రాళ్ళు తేలాయి. నా చిన్నప్పుడు ఆ గట్టు మీద అరుగంత ఉన్న రాళ్ళకుప్ప ఇప్పుడు నా భుజం దాకా ఉంది. శ్రీనాథుడు చూసినవాటిలో ఈ రాళ్ళు లేవు.

అయితే ప్రపంచంలో అందరి పొలాలూ చదునుగా పెద్దవిగా ఉండవు కదా. జపాన్‌లో యుద్ధం తర్వాత భూసంస్కరణలతో నేల చిన్న చిన్న కమతాలైంది. ఆ కమతాల కొలతకే అక్కడి కంపెనీలు ముందు చేత్తో నడిపే టిల్లర్లు, తర్వాత ఎక్కి తోలే బుల్లి ట్రాక్టర్లు చేశాయి. కుబోటా 1969లో 21 హార్స్‌పవర్ బండిని అమెరికాకి తీసుకెళ్ళి అమ్మింది. మన దగ్గర బెంగుళూరులో వీఎస్‌టీ 1967లోనే మిత్సుబిషితో కలిసి టిల్లర్లు మొదలుపెట్టింది. కానీ నాకు ఇష్టమైన కథ సౌరాష్ట్రది. అమ్రేలి జిల్లాలో మన్సుఖ్‌భాయ్ జగానీ అనే ఆయన 1994 ప్రాంతంలో ఎద్దుల్లేక, కొనలేక, ఒక ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టు వెనక చక్రం తీసేసి, రెండు చక్రాలూ గుంటకా తగిలించాడు. పత్తి సాళ్ళ మధ్య పోయేలా. ఆ తర్వాత రాజ్‌కోట్ చుట్టూ మినీ ట్రాక్టర్ల పరిశ్రమే తయారైంది. మహీంద్రా వాళ్ళ 15 హార్స్‌పవర్ యువరాజ్ కూడా ఆ ప్రాంతపు పత్తి చేలనే చూసుకుని పుట్టింది. 2023లో వాళ్ళు జపాన్ భాగస్వాములతో కలిసి తెచ్చిన ఓజా బళ్ళు తయారవుతున్నది మన జహీరాబాద్‌లో. నాలుగు చక్రాలకీ శక్తి పోయే తేలిక బళ్ళు. అంటే కాడి కొలత చుట్టుతిరిగి మళ్ళీ షోరూముకి వచ్చింది.

మేం కొనబోతున్నదీ అలాంటిదే, మూడడుగుల వెడల్పుకి అటూ ఇటూ, ఫోర్ వీల్ డ్రైవ్. అంతవరకూ సుఖాంతంలా ఉంది. కానీ నేను ఊరుకోలేక ఎక్సెల్ షీటు తెరిచాను. బండి బరువు కేంద్రం నేలకి రెండడుగుల ఎత్తున ఉందనుకోండి. చక్రాల మధ్య మూడడుగులైతే, నిలబడి ఉన్న బండి 37 డిగ్రీల దగ్గర పక్కకి దొర్లుతుంది. చాలానే అనిపిస్తుంది. మా చేను బాగా వాలున్న చోట 12 డిగ్రీలు. పైచక్రం ఒక అరడుగు రాయెక్కితే ఇంకో తొమ్మిదిన్నర. వెనక గుంటక పైకెత్తి మలుపు తిప్పితే, బరువు కేంద్రం ఇంకా లేస్తుంది. మిగిలిన మార్జిన్‌ని వేగం తినేస్తుంది. సాలుకి పట్టే సన్నదనమే వాలు మీద పడేసే సన్నదనం. ఎద్దుల జతకి ఈ గొడవ లేదు. ఆరడుగుల కాడి కింద ఎనిమిది కాళ్ళు, దేని బుద్ధి దానిదే.

నెలరోజులు నాన్నా నేనూ ఫోన్లో దీనిమీదే. ఆయన వాదన ఆయనకుంది: "సాలు నిలువుగానే తోలుదాం, బండి పడదుగా." మట్టి పోతుంది నాన్నా అంటే, "నువ్వు ఉండేది హైదరాబాదులో, ఆ మట్టితో నీకేంది పని?" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ.

చివరికి కుదిరింది ఇది. సాళ్ళు అడ్డంగానే, కాని నాలుగడుగుల ఎడంతో. అంత ఎడమిస్తే వెనక చక్రాల డిస్కులు తిప్పి బిగించి బండిని వెడల్పు చేసుకోవచ్చు. తిరగబడే కోణం లెక్క ప్రకారం 45కి పెరుగుతుంది. మొక్కలు తగ్గుతాయి, దానికి నాన్న మూతి ముడిచాడు. వెనక టైర్లలో ముప్పాతిక వంతు నీళ్ళు. బరువు కిందికి దిగుతుంది, పట్టు పెరుగుతుంది, పైగా ఖర్చులేనిది. రోటవేటర్ వద్దనుకున్నాం. నాపరాయి తగిలితే బ్లేళ్ళు విరగడమే కాదు, ఉన్న కాస్త మట్టినీ పిండి చేసి వానకి అప్పగిస్తుంది. బిగుసుకున్న పళ్ళ గొర్రు బదులు స్ప్రింగు గొర్రు, రాయి తగిలితే పన్ను వెనక్కి లేచి దాటిపోతుంది. గుంటక మాత్రం షోరూముది కాదు. మాచర్లలో ఒక వెల్డింగు షాపులో, తాతయ్య గుంటక పాసె పట్టుకెళ్ళి చూపించి, ఆ వంపుతోనే చేయించాం. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఈ వంపు ఇప్పుడు ఎవరూ కొట్టట్లా బాబాయ్, గడ్డి కోసుకుంటా పోద్ది" అన్నాడు నాన్నతో.

మిగిలింది సీటు వెనక కమాను, రోల్ బార్. స్వీడన్ 1959 నుంచి కొత్త ట్రాక్టర్లన్నిటికీ దాన్ని తప్పనిసరి చేసింది. తిరగబడి చనిపోయేవాళ్ళు అక్కడ దాదాపు లేకుండాపోయారు. మన పొలాల్లో ఆ కమాను కనపడటమే అరుదు. 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ళ మండలం బొల్లవరం దగ్గర కాలువ కట్ట మీద మిరపకోత కూలీల ట్రాక్టరు బోల్తాపడి నలుగురు ఆడవాళ్ళు చనిపోయారు. కమాను ఉన్నా వాళ్ళని కాపాడేది కాదు, అది నడిపేవాడి నెత్తికే. వెనక ట్రక్కులో కూర్చున్నవాళ్ళ కోసం ఎవరూ ఏదీ కనిపెట్టలేదు. కూలీలని ట్రక్కులో ఎక్కించనని నాన్న చేత మాట తీసుకున్నాను. ఆటో కిరాయి నేను పంపాలి.

కమాను వద్దని ఆయన గట్టిగానే అన్నాడు. గట్టు మీద వేపచెట్టు కొమ్మలకి తగులుతుందట. పెద్దనాన్న కర్ర పొడుచుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చుని, ఏమీ మాట్లాడకుండా మా ఇద్దరి వాదనా విన్నాడు. మర్నాడు పొద్దున నాన్న షోరూముకి ఫోన్ చేసి కమాను కూడా బిల్లులో వేయమన్నాడు.

బండి వచ్చే నెల వస్తుంది. వేపకొమ్మలు ఇంకా కొట్టలేదు.