గాలిలో దీపం కాదు, గాలితో దీపం

"గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ" అన్న సామెత మనందరికీ తెలిసిందే. గాలి దీపాన్ని ఆర్పుతుంది. అదే గాలితో దీపం వెలిగించిన మనిషి ఒకాయన మనముంటున్న ఈ స్కాట్లాండులోనే ఉండేవారు. ఈరోజు ఆయన గురించి చెబుతాను.

ఆయన పేరు జేమ్స్ బ్లైత్. గ్లాస్గోలో ప్రొఫెసరు. సొంతూరు మేరీకర్క్. అక్కడ సెలవులకు వెళ్ళే ఇంటి తోటలో 1887 జూలైలో ఒక గాలిమర నిలబెట్టారు. ఎత్తు సుమారు 33 అడుగులు, రెక్కలకు గుడ్డ తెరచాపలు. అది తిరిగితే జనరేటర్ తిరిగేది, కరెంటు బ్యాటరీల్లో నిల్వ అయ్యేది, రాత్రి ఇంట్లో దీపాలు వెలిగేవి.

పిల్లలు అడుగుతారు, తిరిగితే కరెంటెలా వస్తుందని. అయస్కాంతం దగ్గర రాగి తీగచుట్టని తిప్పితే తీగలో కరెంటు పుడుతుందని 1831లోనే మైకేల్ ఫారడే చూపించారు. ఇక తిప్పేదెవరన్నదే ప్రశ్న. ఆవిరితో తిప్పొచ్చు, నీటితో తిప్పొచ్చు. బ్లైత్ ఆ పని గాలికి అప్పగించారు. ఇప్పటి మరల రెక్కలు విమానం రెక్కల్లా ఒంపు తిరిగి ఉంటాయి. గాలి ఆ ఒంపు మీదుగా జారుతూ రెక్కని పక్కకి లాగుతుంది, దాంతో ఇరుసు తిరుగుతుంది. గాలి వేగం రెట్టింపయితే అందులో శక్తి ఎనిమిది రెట్లవుతుంది. కొండలూ సముద్రాలూ వెతుక్కునేది అందుకే.

తన ఇంటికి సరిపోగా మిగిలిన కరెంటుతో ఊరి వీధికి దీపాలు పెడతానన్నారు బ్లైత్. ఊరివాళ్ళు అది దెయ్యం పని అని వద్దన్నారట! ఆయన 1906లో కన్నుమూశారు. ఆయన పని ఈ దేశంలో పెద్దగా ముందుకు సాగలేదు.

డెన్మార్కులో కథ వేరు. ఆస్కోవ్ అనే పల్లెలో పాల్ లా కూర్ అనే ఉపాధ్యాయుడు 1891లో గాలిమర కట్టారు. ఎక్కువ రెక్కలు మెల్లగా తిరగడం కన్నా తక్కువ రెక్కలు వేగంగా తిరగడం మేలని కనిపెట్టారు. అంతటితో ఆగకుండా పల్లెటూరి కుర్రాళ్ళకి కరెంటు పని నేర్పారు. ఆ శిష్యుల్లో ఒకరైన జోహానెస్ యూల్ 1957లో గెడ్సర్ దగ్గర 200 కిలోవాట్ల మర కట్టారు. మూడు రెక్కల ఆ మర పదేళ్ళు నడిచింది. ఇవాళ మనం చూసే మరలకి అదే పెద్దన్న.

నాకు తోచింది ఒక్కటే. బ్లైత్ యంత్రం చేశారు, లా కూర్ యంత్రంతోపాటు మనుషుల్నీ తయారు చేశారు.

అప్పటి మన అనంతపురం జిల్లా రామగిరి కొండల మీద 1990లలో గాలిమరలు వచ్చాయి. అవి మబ్బుల్ని తరిమేస్తున్నాయి, అందుకే వానల్లేవు అన్న మాట నేను మనవాళ్ళ నోటనే విన్నాను. వాన కోసం ఆకాశం చూసే రైతుకి ఆ భయం కలగడంలో వింత లేదు, నవ్వకూడదు. మామూలుగా వాన మబ్బులు రెక్కల కొస కన్నా చాలా పైన ఉంటాయి. పైగా ఏ మరైనా తనలోంచి పోయే గాలి శక్తిలో 59 శాతానికి మించి తీసుకోలేదని 1919లో ఆల్బర్ట్ బెట్జ్ లెక్కకట్టారు. మిగిలిన గాలి సాగిపోవాల్సిందే, లేకపోతే మరే తిరగదు.

ఈసారి ఊరికి ఫోన్ చేసినప్పుడు ఎవరైనా ఆ మాటంటే, ఓపిగ్గా ఇదంతా చెప్పండి. మేరీకర్క్‌లో కరువైంది ఆ ఓపికే. సెలవు.