తొట్టి కింద సంపు

మా అమ్మాయి పుట్టినరోజుకి అరవై లీటర్ల ఉప్పునీటి అక్వేరియం కొన్నాను. రెండు క్లౌన్ చేపలు వేశాం. మూడో వారానికి ఒకటి చచ్చిపోయింది. "నాన్నా, నీళ్ళు మనమే పాడుచేశామా?" అని అడిగింది. నాకు సమాధానం తెలియలేదు. వెతుక్కుంటూ పోతే, మేముండే ఈ లండన్‌లోనే నూటయాభై ఏళ్ళ కిందటి మనుషుల దగ్గర దొరికింది.

1846లో ఆనా థిన్ అనే ఆవిడ టోర్కీ తీరం నుంచి పగడపు జీవుల్ని లండన్‌లోని ఇంటికి తెచ్చుకుంది. నీటికి గాలి తగలాలని, తెరిచిన కిటికీ దగ్గర పనిమనిషి చేత నీళ్ళు ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి రోజూ పోయించేది. 1850లో రాబర్ట్ వారింగ్టన్ మొక్కలూ చేపలూ ఒకదానికొకటి ఆసరాగా బతకగలవని చూపించాడు. 1853లో రీజెంట్స్ పార్క్ జూలో ఫిష్ హౌస్ తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన 'ది అక్వేరియం' పుస్తకం వచ్చింది. ఇక గాజుతొట్ల పిచ్చి పట్టుకుంది. జనం తీరాల మీద పడి రాళ్ళసందుల్లోని ప్రాణుల్ని ఊడ్చేశారు. ఆ నష్టం గురించి గాస్ కొడుకు ఎడ్మండ్ 1907లో బాధపడుతూ రాశాడు.

అసలు చిక్కు విప్పినవాడు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. లండన్‌లో అక్వేరియం సామాన్ల వ్యాపారి. 1871లో తెరిచిన క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియంలో, జనానికి కనిపించే తొట్ల కన్నా చాలా పెద్ద రిజర్వాయరు నేల కింద చీకట్లో కట్టించాడు. పంపులు ఆ నీటిని ఆగకుండా తిప్పేవి. చీకటి కాబట్టి నాచు పట్టదు, నేల కింద కాబట్టి చల్లగా ఉంటుంది. 1874లో తెరిచిన నేపుల్స్ అక్వేరియానికీ ఆయన సాయం చేశాడు.

ఇది మనకి కొత్తేమీ కాదండీ. చెంబులో నీళ్ళు ఒక్క ఎండకే కాగుతాయి, చెరువు కాగదు. హైదరాబాద్ ఇళ్ళలో వాకిలి కింద ఉండే సంపు గుర్తుందా? అక్వేరియం వాళ్ళూ దీన్ని సంప్ అనే అంటారు! నేనూ తొట్టి కింద అలమరలో నూట ఇరవై లీటర్ల సంపు పెట్టి, పంపు బిగించాను. ఇప్పుడు మొత్తం నూట ఎనభై లీటర్లు. అదే చేప, అదే మేత అయితే మలినం చిక్కదనం మూడోవంతే. ఉప్పుశాతం, వేడి కూడా నెమ్మదిగా మారతాయి. తప్పు దిద్దుకోవడానికి మనకి వ్యవధి దొరుకుతుంది.

రెండు జాగ్రత్తలు. కరెంటు పోతే పైనీళ్ళు కొన్ని కిందికి దిగుతాయి, సంపు అంచుదాకా నింపకండి. ఆవిరైపోయేది నీరే, ఉప్పు కాదు. తగ్గినంతా మంచినీళ్ళే పోయండి. సంపు ఉందని నీళ్ళు మార్చడం మాత్రం మానకూడదు.

మా అమ్మాయికి చివరికి చెప్పాను: "అవునమ్మా, మనమే. ఆ చేపకి మనం చెంబెడు సముద్రమే ఇచ్చాం." మిగిలిన చేప హాయిగా తిరుగుతోంది. రెండోది ఎప్పుడు తేవాలో అమ్మాయే చెబుతానంది. సెలవు.