బాలుర కీళ్ళవాతము – పాదాధారములు



కీళ్ళవాతమనగానే మనకు ముదుసలి స్ఫురించును. కావున నల్లమల చెంతనున్న మా కొమరోలు సీమలో బాలుడు తెల్లవాఱి కుంటుచు లేచి, ప్రొద్దెక్కునప్పటికి తేరుకొన్నచో, బడి యెగవేయుటకు పన్నిన యెత్తని పెద్దలు గద్దించుట కలదు. నిద్ర లేవగానే కీళ్ళు బిగిసియుండి క్రమముగా సడలుట యీ వ్యాధి లక్షణమే.

తేలు కుట్టినట్లు కీళ్ళు నొచ్చు ఆమవాతమును మాధవకరుడు వేయేండ్లకు పూర్వమే తన నిదానగ్రంథమున వర్ణించెను. బాలుర వ్యాధి పెద్దల వ్యాధికంటె భిన్నమని స్ఫుటముగా చూపినవాడు లండను వైద్యుడు జార్జి ఫ్రెడరిక్ స్టిల్. గ్రేట్ ఆర్మండు వీధి బాలవైద్యశాలలోని రోగులను పరిశీలించి, 1897లో ఆయన తన వ్యాసమును ప్రకటించెను. 16 ఏండ్లు నిండకమునుపే పుట్టి, 6 వారములకు తక్కువ కాకుండ నిలిచి, వేఱు కారణము కానరాని కీళ్ళవాపునే నేటి వైద్యులు బాలుర కీళ్ళవాతమందురు.

వాపు చీలమండకును మడమక్రింది కీలునకును సోకినప్పుడు, నొప్పిని తప్పించుకొనుటకై బాలుడు బరువును పాదమున నొకప్రక్కకే మోపును. క్రమముగా మడమ యొఱగును; అరికాలి వంపు క్రుంగును; నడక మందగించును.

దీనికి క్రిందినుండి ఊతమీయవచ్చును. 1741లో ఫ్రెంచి వైద్యుడు నికొలా ఆండ్రీ 'నిటారు', 'శిశువు' అను అర్థములుగల రెండు గ్రీకు పదములను కూర్చి 'ఆర్థొపెడీ' యను పేరు కల్పించెను. అందలి మొదటి పదమే 'ఆర్థోసిస్' అను మాటయందును గలదు. చెప్పులోపల అరికాలి తీరునకు సరిపడ నమర్చు ఈ పాదాధారము మడమను నిలకడగ నుంచి, బరువును అరికాలంతట పంచును.

ఇది యూహమాత్రము కాదు. అమెరికాయందలి శాండియేగోలో 40 మంది బాలబాలికలను పరీక్షించి 2005లో ఫలితములు ప్రకటించిరి. కొందఱికి కొలిచి చేసిన పాదాధారములు, కొందఱికి అంగడి మెత్తలు, కొందఱికి మంచి బూట్లు ఇచ్చిరి. మూడు నెలలకు మొదటివారికే నొప్పి మిక్కిలి తగ్గి, నడక వేగము హెచ్చెను. 2014లో ప్రకటితమైన బ్రిటను పరీక్షలో 60 మంది పాల్గొనిరి. సిద్ధముగ దొరకు ఆధారములనే ఒక్కొక్క పాదమునకు సవరించి యిచ్చినను నొప్పి తగ్గెను.

పాదాధారము వ్యాధిని మాన్పదు, ఔషధమును విడువరాదు. బాలుని పాదము పెరుగును గనుక వైద్యుడు మరల మరల చూచి మార్పింపవలెను.

మార్కాపురపు పలక ఎందఱో బాలుర చేతికి అక్షరమునిచ్చినది. ఆ పలక పట్టి బడికి రావలసిన పాదమును గద్దింపక, ముందుగా పరీక్షింపుడు.