టిఫ్: అచ్చు బొమ్మల ఫైల్ ఫార్మాట్

దిద్దుబాటు చేయాల్సిన, అచ్చుకు పంపాల్సిన ఫొటోలను, స్కాన్ బొమ్మలను దాచుకునే ఫైల్ ఫార్మాట్‌లలో టిఫ్ ఒకటి. అమెరికాలోని సియాటిల్‌కు చెందిన ఆల్డస్ సంస్థ దీన్ని రూపొందించింది. తెలుగునాట డీటీపీ కేంద్రాల్లో ఏళ్ల తరబడి వాడిన పేజ్‌మేకర్ కూడా ఆ సంస్థదే. 1994లో ఆల్డస్ అడోబీలో కలిసిపోవడంతో టిఫ్ హక్కులు అడోబీకి దక్కాయి.

తొలి నిర్దేశ పత్రం 1986 శరత్కాలంలో వెలువడింది. దానిపై కూర్పు సంఖ్య లేదు. అంతకుముందే రెండు ముసాయిదాలు ఉన్నందున దాన్ని 3.0గా లెక్కించాలని తర్వాతి 6.0 పత్రం చెబుతుంది. 5.0 తేదీ విషయంలో పొంతన లేదు. ఆల్డస్, మైక్రోసాఫ్ట్ ఉమ్మడిగా వెలువరించిన ఆ పత్రంపై 1988 ఆగస్టు 8 అని ఉండగా, 6.0 పత్రం మాత్రం దాని విడుదల అదే ఏడాది అక్టోబరులో అంటుంది. మొదటిది రచన పూర్తయిన తేదీ, రెండోది విడుదలైన నెల అనుకోవడమే సబబుగా తోస్తుంది. ఎల్‌జెడ్‌డబ్ల్యూ కుదింపు ఆ కూర్పులోనే చేరింది. నాలుగు రంగుల అచ్చుకు అవసరమైన సీఎంవైకే 1992 జూన్ నాటి 6.0తో వచ్చింది.

టిఫ్ అంటే నాణ్యత తగ్గని ఫైల్ అన్న అభిప్రాయం ప్రచారంలో ఉంది. అది పూర్తిగా నిజం కాదు. కుదించకుండా దాచినా, ఎల్‌జెడ్‌డబ్ల్యూ లేదా జిప్ పద్ధతిలో కుదించినా ఒక్క పిక్సెల్ కూడా మారదు. అయితే 6.0 నుంచి టిఫ్ లోపల, నాణ్యతను తగ్గించే జేపెగ్ కుదింపుకూ చోటుంది. ఆ అమరికలోని లోపాలను సరిచేస్తూ 1995లో మరో పత్రం వచ్చింది. కాబట్టి ఫైల్ పేరు చివర ఏముందన్నదానికన్నా, లోపల ఏ కుదింపు వాడారన్నదే ముఖ్యం.

జేపెగ్ బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడదీసి, కంటికి అంతగా ఆనని వివరాలను వదిలేస్తుంది. మార్పులు చేసి సేవ్ చేసిన ప్రతిసారీ ఈ కుదింపు మళ్లీ జరుగుతుంది. నష్టం ముందుగా బయటపడేది అక్షరాల అంచుల్లో, పలచని గీతల్లో. అందుకే దిద్దుబాటు సాగినంతకాలం నష్టం లేని మూలప్రతిని ఉంచుకుని, పని ముగిశాక దాన్నుంచే జేపెగ్ తీయడం మేలు. ఎక్కువ నాణ్యతతో ఒక్కసారే తీసిన జేపెగ్ మామూలు ఫొటోల అచ్చుకు చాలావరకు సరిపోతుంది. పీఎన్‌జీలోనూ నష్టం ఉండదు కానీ, అందులో సీఎంవైకే లేదు. లేయర్లతో పని జరుగుతుంటే ఫొటోషాప్ సొంత ఫార్మాట్ పీఎస్‌డీ అనువైనది.

టిఫ్‌తో ఇబ్బంది పరిమాణం. 300 డీపీఐతో ఏ4 పుట అంటే సుమారు 2480×3508 పిక్సెళ్లు. రంగుకు 8 బిట్ల చొప్పున సీఎంవైకేలో, కుదించకపోతే, అది దాదాపు 3.5 కోట్ల బైట్లు. 16 బిట్లయితే రెట్టింపు. ఫైల్‌లోని స్థానాలను 32 బిట్లతో గుర్తించడం వల్ల మామూలు టిఫ్ 4 గిగాబైట్లు దాటలేదు. అంతకు మించిన బొమ్మలకు 64 బిట్ల బిగ్‌టిఫ్ ఉంది కానీ, దాన్ని అన్ని సాఫ్ట్‌వేర్లూ తెరవలేవు.