విజయనగరమున రత్నములమ్మిన వీధి

రాయలనాడు రత్నములను రాశులు పోసి వీధిలో అమ్మిరను మాట వినని తెలుగువారుండరు. తరతరములుగా బళ్లారి, హొసపేటలలో స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఈ మాటకు చనువు మరింత హెచ్చు. చుట్టములు వచ్చినపుడు హంపీకి తోడ్కొనిపోయి, విరూపాక్షుని గోపురము నుండి తూర్పునకు సాగిన వీధిని చూపి, "రత్నాల అంగడి యిదియే" యని చెప్పుట పరిపాటి. ఇంచుమించు ముప్పాతిక కిలోమీటరు పొడవు, ఇరుప్రక్కల రాతి మంటపములు, కొసను ఏకశిలా నంది - ఇన్నియు చూచినవారు ఆ మాటను నమ్మకుండుట కష్టమే. ఐనను, ఆ నగరమును కన్నులార చూచి వ్రాసిన విదేశీయుల సాక్ష్యము కొంత వేరుగా నున్నది.

మొదటి సాక్ష్యము కృష్ణరాయలనాటిదే కాదు. హెరాతు నేలిన షారుఖ్ పంపిన రాయబారి అబ్దుర్ రజాక్ 1443లో విజయనగరమునకు వచ్చెను. అప్పటి ప్రభువు సంగమ వంశీయుడైన రెండవ దేవరాయలు. ఒక్కొక్క వృత్తివారి అంగళ్లు ఒక్కచోట చేరియున్నవనియు, రత్నవర్తకులు కెంపులను, ముత్యములను, వజ్రములను, పచ్చలను బజారులో బాహాటముగా అమ్ముచున్నారనియు అతడు వ్రాసెను. కృష్ణదేవరాయలు సింహాసన మెక్కినది 1509లో. అనగా ఈ కీర్తిలో అరువదియారేండ్ల ముందటి వారికిని పాలు కలదు. లోకము దానినంతను ఒక్క రాయలకే కట్టబెట్టినది.

1520 ప్రాంతమున వచ్చిన పోర్చుగీసువాడు డొమింగో పేస్ రత్నముల వీధిని ఇంకను విపులముగా వర్ణించెను. రాచనగరి యెదుటి మైదానమును దాటి ముందుకు సాగినచో విశాలమైన వీధి యొకటి వచ్చునట. అచ్చట వర్తకుల చక్కని యిండ్లు, కెంపులు, వజ్రములు, పచ్చలు, ముత్యములు, వస్త్రములు. ప్రతి సాయంకాలము అదే వీధిలో సంత. అందు సామాన్యపు గుర్రములు, నిమ్మ, నారింజ, ద్రాక్షపండ్లు, కూరలు, వంటచెరకు. వజ్రమును కొన్నవాడు ఆ పూటకు కట్టెలమోపును అక్కడనే కొనుక్కొని పోవచ్చును! విరూపాక్షుని వీధిని పేస్ వేరుగా వర్ణించెను. అందలి చావడులలో యాత్రికులు తలదాచుకొందురనియు, గొప్పవారికి విడిదియిండ్లు, రాజునకొక నగరు కలవనియు అతని వ్రాత. రత్నముల మాట అక్కడ లేదు. కావున నేడు చూపెడి వీధియు, పేస్ చెప్పిన వర్తకవీధియు ఒకటి కావు.

ఇక రాశుల సంగతి. ఈ యిరువురిలో నెవ్వరును రాశులు చూచినట్లు వ్రాయలేదు. వజ్రమును తూచినది మంజాడి గింజ యెత్తున. పోర్చుగీసువారు దానినే "మాంజెలిన్" అనిరి. 1535 ప్రాంతమువాడైన గుర్రపు వర్తకుడు నూనిజ్, వజ్రములు దొరకు సీమ నేలిన నాయకుడు ఏటేట 40,000 వరహాలు రాజునకు చెల్లించుటయే గాక, 20 మంజాడులకు మించిన రాళ్లనన్నిటిని బొక్కసమున కొప్పగింపవలసి యుండెనని చెప్పెను. ఆ కట్టడి ననుసరించి మేలిరాళ్లు అంగడికే రారాదు. వీధికి చేరినవి చిన్నవి. కెంపులు పెగూ నుండియు, ముత్యములు హోర్ముజు, కాయలు రేవుల నుండియు వచ్చినవని బార్బోసా వ్రాతలవలన తెలియుచున్నది. వజ్రములు మాత్రము స్వదేశపు పంట. అనంతపురము జిల్లా వజ్రకరూరు పొలములలో నేటికిని తొలకరి వాన వెలిసిన వెంటనే జనులు వంగి వెదకుచుందురు.

బేరమెట్లు సాగెనో హంపీని గూర్చిన వ్రాతలలో కానరాదు. పదునేడవ శతాబ్దిలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే గనులకడ చూచినది దానికి దాపైనది కావచ్చును. అమ్మువాడు, కొనువాడు ఎదురెదురుగా కూర్చుండి, నడికట్టు వస్త్రము క్రింద చేయి చేయి పట్టి, నోరు మెదపక వెల నిర్ణయింతురు. పూర్తి చేయి పట్టిన వేయి, ఒక వ్రేలు పట్టిన నూరు, సగము వ్రేలు ఏబది, కొన పది. ఆ గనిలో త్రవ్విన కూలికి ఏడాదికి మూడు వరహాలు ముట్టెనని ఆతడే వ్రాసెను. రత్నాల సీమ యని పాడుకొనునపుడు ఈ లెక్క యెవ్వరికిని గుర్తుండదు.

రాశులు లేకున్నను తక్కువేమియు లేదు. పరదేశి వర్తకుడు వజ్రమును నడివీధిలో పరచి కూర్చుండుటకు నగరమున భద్రత కావలెను. రేవులను బాగుచేసి, రత్నములు, ముత్యములు, గుర్రములు తెచ్చు దూరదేశపు వర్తకులను ఆదరింపవలెనని రాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పెను. ఆ భద్రత 1565లో తల్లికోట యుద్ధముతో ముగిసినది. 1567లో వచ్చిన వెనిసు వర్తకుడు ఫెడెరిచి ఇండ్లు నిలిచియుండియు శూన్యముగా నున్నవనియు, పులులు తిరుగుచున్నవనియు వ్రాసెను.

విరూపాక్షుని వీధి మంటపములలో తరువాతి కాలమున కాపురముండి, చిన్న యంగళ్లు నడపిన కుటుంబములను 2011లో ఖాళీ చేయించిరి. చైత్రమాసపు రథోత్సవమునకు మాత్రము యాత్రికులు ఏటేట ఆ వీధి నిండుదురు.