నెల్లూరు గద్దె, ఓరుగల్లు లెక్క

1248లో చోడ తిక్కరాజు కన్నుమూసేనాటికి ఆయన ఏలుబడి పెన్న ఒడ్డున విక్రమసింహపురి నుంచి, అంటే నేటి నెల్లూరు నుంచి, దక్షిణాన కంచి దాకా ఉంది. కొడుకు మనుమసిద్ధి గద్దెనెక్కాడో లేదో రాజ్యం చీలిపోయింది. కంచి సీమ విజయగండగోపాలుడి పాలైంది. నెల్లూరులో దాయాదులు అక్కన, బయ్యన మనుమసిద్ధిని వెళ్లగొట్టారు. మంత్రి, కవి అయిన తిక్కన ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుణ్ని ఆశ్రయించడం, కాకతీయ సేన వచ్చి గద్దె తిరిగి ఇప్పించడం తెలుగువాళ్లందరికీ తెలిసిన కథే. కథలో ఇది ఇంటి తగవు. పెద్దమనిషి వచ్చి తీర్చాడు. శాసనాలు చూస్తే మాత్రం వారసత్వం ఒక సాకు అనీ, అసలు పోరు తీరం కోసం, కంచి దారి కోసం జరిగిందనీ అనిపిస్తుంది.

గణపతిదేవుడి సేన నెల్లూరుతో ఆగలేదు. దాయాదులను అణచడమే పనైతే అక్కడితో వెనుదిరగాలి. అలా కాక కంచి దాకా వెళ్లింది. 1250 ప్రాంతంలో ఆయన మంత్రి సామంతభోజుడు కంచి ఏకామ్రనాథుడికి ఒక ఊరే దానమిచ్చాడు. పరాయి సీమలో ఊరు దానమివ్వడమంటే ఇక్కడ మా మాట చెల్లుతుందని చాటడమే. అంతకు నాలుగైదేళ్ల ముందే గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా పూర్వపు రాజులు లాక్కునేవారని, తాను న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోనని అందులో విదేశీ వర్తకులకు మాటిచ్చాడు. చందనం, కర్పూరం, దంతం, పట్టు మీద వచ్చే రాబడి విలువ తెలిసిన రాజు కాబట్టే ఆ మాట ఇవ్వగలిగాడు. మోటుపల్లికి దక్షిణాన ఉన్న తీరమంతా నెల్లూరు చోడులది. అందులోని కృష్ణపట్నానికి ఒకప్పుడు గండగోపాలపట్నమనే పేరుండేది. రేవులకు రాజుల బిరుదులు ఊరికే రావు.

తిక్కన వాక్చాతుర్యమే గణపతిదేవుణ్ని కదిలించిందని సిద్ధేశ్వరచరిత్ర లాంటి గ్రంథాలు చెబుతాయి కదా అనవచ్చు. ఆ గ్రంథం ఆ కాలానిది కాదు, చాలా తర్వాతిది. తిక్కన రాయబారాన్ని నేను కాదనడం లేదు. అయితే ఎంత గొప్ప మాటకారైనా రాజుకు ముందే ఉన్న కోరికకు దారి చూపగలడు గానీ, లేని కోరికను పుట్టించలేడు. ఇంతకంటే గట్టి ఆక్షేపణ మరొకటుంది. గెలిచిన నెల్లూరును గణపతిదేవుడు కలిపేసుకోలేదు, మనుమసిద్ధికే ఇచ్చాడు. మరి అది నిస్వార్థం కాదా? కానక్కర్లేదు. యూరప్‌లోనూ ఇలాంటిదే జరిగింది. 1700లో స్పెయిన్ రాజు రెండో కార్లోస్ సంతానం లేకుండా చనిపోతే, వారసుడెవరన్న తగవులోకి ఫ్రాన్స్, ఆస్ట్రియా, ఇంగ్లండ్, హాలండ్ దిగాయి. 1713 ఉట్రెక్ట్ ఒప్పందంలో ఫ్రెంచి రాజు మనవడు ఫిలిప్‌కు గద్దె దక్కింది, ఇంగ్లండ్‌కు జిబ్రాల్టర్ దక్కింది. గద్దె తనకు అక్కర్లేనివాడికి కూడా యుద్ధంలో లాభముంటుంది. గణపతిదేవుడికి కంచి దారిలో కావలసింది కూడా కృతజ్ఞుడైన రాజే. స్వయంగా ఏలాలంటే ఖర్చు ఎక్కువ.

తర్వాత జరిగింది చూస్తే ఆ కృతజ్ఞతకు మనుమసిద్ధి చెల్లించిన ధర తెలుస్తుంది. కాకతీయుల పక్షాన నిలిచినందుకు పాండ్యుల దెబ్బ మొదట ఆయన మీదే పడింది. జటావర్మ సుందరపాండ్యుడు ఉత్తరానికి దండెత్తి వచ్చాడు. నెల్లూరుకు ఆగ్నేయంగా, సముద్రానికి దగ్గర్లో ఉన్న ముత్తుకూరు వద్ద 1263లో మనుమసిద్ధి యుద్ధంలో చనిపోయాడు. సుందరపాండ్యుడు నెల్లూరులోనే వీరాభిషేకం చేయించుకున్నాడు. ఆపై గద్దె ఎవరిదన్నది నెల్లూరు చేతుల్లో లేకుండా పోయింది. ఓరుగల్లు రాణి రుద్రమదేవిపై తిరగబడ్డ కాయస్థ అంబదేవుడు మనుమగండగోపాలుణ్ని నెల్లూరు గద్దెపై నిలిపానని 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో గొప్పగా చెప్పుకున్నాడు. ఆ మనుమగండగోపాలుడి తల తీశానని చెప్పుకున్న ఆడిదం మల్లు ప్రతాపరుద్రుడి మనిషి, అంటే ఒకప్పుడు నెల్లూరు గద్దెను నిలబెట్టిన ఓరుగల్లు మనిషి.